బిగిసినదానిని విప్పుట

ఈ సంచికకు సంస్కృతిని గూర్చి యేదైన వ్రాయుమని సంపాదకవర్గమువారు మమ్ము కోరిరి. సంస్కృతి యనినంతనే కావ్యములు, కచేరీలు, నాటకములు, మన పెద్దలు బరంపురమున నెలకొల్పిన గ్రంథాలయములు స్మరణకు వచ్చుట సహజము. వానిని గూర్చి వ్రాయుటకు మాకంటె చదువుకొన్నవారు మన సమాజమున పెక్కుమంది కలరు. మేము మెట్రిక్యులేషనుతో చదువు ముగించి, ముప్పదియైదేండ్లు గుమాస్తా యుద్యోగము చేసి విరమించినవారము. కావున మాకు తెలిసిన యొక చిన్న వస్తువును పట్టుకొని, దానివలన మాలో పుట్టిన సందేహమును పాఠక మహాశయుల ముందుంచుచున్నాము. ఆ వస్తువు ఒక బోల్టు.

సందేహ మిది. ఒక వస్తువు గాని, వ్యవహారము గాని బిగుసుకొనిపోయి కదలనప్పుడు దానిపై బలము నుపయోగించు హక్కు మన కెప్పుడు కలుగును? ఎంతవరకు ఓర్చుట ధర్మము? ఓర్పు ధర్మము కాకుండ పోవు క్షణమేది? ఇది పండితులు చర్చింపదగిన విషయమే యైనను, మోటారు మరమ్మతుచేయు పాకలో కూర్చుండి ఆలోచించినచో దీనికి కొన్ని కాళ్లు చేతులు మొలచును.

మా బావగారికి, అనగా మా అక్కగారి భర్తకు, ఒక అంబాసిడరు కారు కలదు. ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డు కారు మూడవ శ్రేణిని అనుసరించి, కలకత్తా చేరువనున్న ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్సువారు 1950ల చివరినుండి 2014 మే నెలవరకు ఆ బండ్లను తయారుచేసిరి. అరువది యేండ్లకు దగ్గరగా ఒక్క రూపమునే అంటిపెట్టుకొన్న బండి మన దేశమున మరి యొకటి లేదనియే చెప్పవచ్చును. మంత్రులు దానిలోనే తిరిగిరి. పెండ్లికొడుకులు దానిలోనే ఊరేగిరి. బావగారి బండి 1976 నాటిది. 1988లో ఒక కంట్రాక్టరువద్ద కొనిరి. దానికి మొదట విద్యుత్తు పుట్టించుటకు డైనమో ఉండెడిది. డైనమో మంచిదే గాని దానికొక గుణము కలదు. ఇంజను నెమ్మదిగా తిరుగునప్పుడు బ్యాటరీకి ఏమియు పెట్టదు. రాత్రివేళ రైలుగేటువద్ద దీపములు వేసికొని నిలిచినచో బ్యాటరీ తన సొమ్మునుండి ఖర్చుపెట్టుకొనవలసినదే. ఆల్టర్నేటరు అట్లు కాదు. దానిలో విద్యుత్తు తిరుగు భాగమున గాక నిలిచియున్న చుట్టలలో పుట్టి, డయోడ్లనెడి చిన్న కవాటముల గుండ ఒక్క దిక్కునకే ప్రవహించును. ఇంజను నెమ్మదిగా నున్నను బ్యాటరీకి కొంత పోషణ జరుగును. ఈ లాభమును చూచి బావగారు 1997లో డైనమో తీయించి ఆల్టర్నేటరు పెట్టించిరి. (ఇంగ్లండు పద్ధతి పాతబండ్లు కొన్నింటిలో బ్యాటరీ ధనధ్రువమును బండి ఒడలికి కలిపియుంచువారు. అట్టివానికి ఆల్టర్నేటరు పెట్టువారు ముందుగా ఆ కలయికను తారుమారు చేయవలెను. లేనిచో డయోడ్లు క్షణములో మాడిపోవును. ఇట్టి ప్రయత్నములు తలపెట్టు యువకు లెవరైన నుందురేమో యని ఈ మాట.)

2018 మాఘమాసమున ఆ ఆల్టర్నేటరు చెడినది. బండి నడచుచున్నను ఎఱ్ఱదీపము ఆరలేదు. పాతదానిని తీసి క్రొత్తది పెట్టవలెనని నిశ్చయించిరి. క్రొత్తది పెట్టెలో వచ్చినది. పాతది మాత్రము రాలేదు.

ఎందుకు రాలేదో చెప్పవలెను. ఆల్టర్నేటరు ఒడలు అల్యూమినియముతో పోతపోసినది. దాని అడుగున చెవులవంటి భాగములుండును. ఇంజనునకు బిగించిన పోత ఇనుప బ్రాకెట్టునకు గూడ అట్టి చెవులే కలవు. రెండింటిలోనుండి ఒక పొడుగాటి ఉక్కుబోల్టు తలుపు బందులోని చీలవలె దూరియుండును. ఆ బోల్టును ఆధారము చేసికొని ఆల్టర్నేటరును అటునిటు వంచి ఫ్యాను బెల్టు బిగించుదురు. మా ఊరికి గోపాలపురము సముద్రము ఎంతో దూరము లేదు. ఇరువది వానకాలములు, ఉప్పుగాలి, ఆ చెవిలో ఉక్కును అల్యూమినియమును ఒకదానికొకటి ఆనించి తడిపినవి. రెండు జాతుల లోహములు ఉప్పుతేమలో కలిసియున్నచో అవి బ్యాటరీవలె పనిచేసి అందులో ఒకటి క్షయించును. ఇచట క్షయించునది అల్యూమినియము. అది తెల్లని పొడిగా మారును. ఆ పొడి తాను పుట్టిన లోహముకంటె ఎక్కువ చోటు కోరును. చోటు లేదు గనుక బోల్టును నలుదిక్కులనుండి అదుముకొని కూర్చుండును. నట్టు సులువుగా వచ్చినది. బోల్టు మాత్రము తిరుగలేదు, జరుగలేదు.

మేస్త్రీ అరువదియేండ్లు దాటినవాడు. ఒరియా, తెలుగు రెండును ఒకే వాక్యములో కలిపి మాటలాడును. ఆయన మొట్టమొదట బ్యాటరీ తీగ ఊడదీసెను. తరువాత చొచ్చుకొనిపోవు పలుచని నూనెను రెండు ప్రక్కలను పోసి, టీ త్రాగి వచ్చెను. పిదప రింగుపానాతో బోల్టును విప్పుదిక్కునకు గాక బిగించుదిక్కునకు కొంచెము అదిమి చూచెను. ఇదేమి విపరీతమని మేము అడిగితిమి. “ముందు అది ఉన్నచోటునుంచి కదలాలి బాబుగారూ. ఎటు కదిలినా మంచిదే,” అనెను. మరల నూనె. చిన్న సుత్తితో, గట్టిగా గాక, తలుపు తట్టినట్లు చాలసేపు తట్టుట. మరల నూనె. పిమ్మట తడిగుడ్డతో పెట్రోలు గొట్టమును కప్పి, చిన్న మంటతో అల్యూమినియపు చెవిని వెచ్చజేసెను. వేడికి అల్యూమినియము ఉక్కుకంటె దాదాపు రెండింతలు వ్యాకోచించును గనుక పట్టు సడలునని దాని యుద్దేశము. బోల్టు వెంట్రుకవాసి కదలినట్లు తోచెను. అంతట ఆయన చేతులు తుడుచుకొని, “ఇప్పటికి చాలు. రేపటిదాకా నూనె తాగనివ్వండి,” అని భోజనమునకు పోయెను.

మన రాజనీతి గ్రంథములు సామము, దానము, భేదము, దండము అని ఉపాయములు నాలుగని చెప్పి, దండమును చివర నుంచినవి. మేస్త్రీ వానిని చదివియుండడు. ఆయన పని యందు ఆ క్రమము తప్పలేదు. మహాభారతమున శ్రీకృష్ణుడు హస్తినకు పోయి రాయబారము నడపి, మొదటి మూడును విఫలమైన పిమ్మటనే నాల్గవది మిగిలినదని ధర్మరాజునకు విన్నవించెను. యుద్ధము జరుగునని ఆయనకు ముందే తెలియదా యని కొందరు ప్రశ్నింతురు. తెలిసినను పోవలసినదే యని మా తలంపు. ఉపాయములను వరుసగా వాడుట జయముకొఱకు మాత్రమే కాదు. తరువాత విఱిగినదానికి మనము సమాధానము చెప్పుకొనవలసియుండును.

మేస్త్రీ లేని ఆ గంటలో మేము చేసినది ఇప్పుడు చెప్పవలెను. రెండురోజులలో బావగారి మనుమరాలి వివాహము. తన పెండ్లినాడు పెండ్లికొడుకును ఆ బండిలోనే విడిదికి తీసికొనిరావలెనని ఆ పిల్ల చిన్ననాటినుండి కోరుచుండెడిది. బావగారు ఆ పనిని మాకు అప్పగించి, “ఏమోయ్, నీ చేతిలో పెడుతున్నాను, ఆలస్యం చెయ్యకు,” అనిరి. పాకలో పదునేడేండ్ల గుంటడొకడు పనివాడుగా నుండెను. మేము వానిని పిలిచి, “ఒరే గుంటా, నాలుగు దెబ్బలు గట్టిగా వెయ్యరా. పాతది ఎలాగూ పారేసేదే కదా,” అంటిమి. వాడు, “మేస్త్రీ వద్దన్నారు బాబూ,” అనెను. “చెప్తున్నాను కదా, కొట్టు,” అంటిమి. వాడు పెద్దసుత్తి తీసెను.

నాలుగవ దెబ్బకు ధ్వని మారెను. వంటింటిలో కుండ పగిలినప్పుడు చూడకయే మనకు తెలియును, అట్టి ధ్వని. బోల్టు కదలలేదు. పారవేయదగిన ఆల్టర్నేటరు చెవియు పగులలేదు. ఇంజనునకు చెందిన పోత ఇనుప బ్రాకెట్టు చెవి పగిలినది.

మా తర్కములోని దోషము అప్పుడు తెలిసినది. పారవేయు వస్తువును కొట్టుటలో దోషమేమని మేము తలచితిమి. దెబ్బ మనము గురిపెట్టినచోట ఆగదు. బిగిసిన రెండు వస్తువులు బలము విషయమున ఒక్కటే వస్తువు. ఒకదానిపై వేసిన దెబ్బ రెండవదానిలోనికి పోయి, ఎక్కడ ఓపిక తక్కువయో అక్కడ బయటపడును. పోత ఇనుము బరువును ఎంతయైన మోయును గాని దెబ్బ నోర్వదు. మేస్త్రీ తట్టునప్పుడు ఆ చెవికి వెనుకనుండి మరియొక బరువైన సుత్తిని ఆనించి పట్టుకొనుటను మేము చూచితిమి. చూచియు, అదెందుకో అడుగలేదు.

మేస్త్రీ వచ్చెను, చూచెను, గుంటని చెంపపై నొకటి వేసెను. వాడు మావైపు చూచెను. నోరు విప్పలేదు. మేమును విప్పలేదు. బ్రాకెట్టు బాగుచేయించు ఖర్చు వాని కూలినుండి కోసికొందునని మేస్త్రీ అనగా విని, గొడుగు తీసికొని ఇంటికి వచ్చితిమి.

ఆ రాత్రి మాకు తోచిన సమర్థనలు లెక్కకు మిక్కిలి. కొట్టిన చేయి వానిది. యజమాని వలదనినను కొట్టినవాడు వాడు. మేము సలహా చెప్పితిమి గాని ఆజ్ఞ యిచ్చుటకు అచ్చట మాకు అధికారమే లేదు. గుమాస్తా యుద్యోగము ఇట్టి సమర్థనలకు మంచి పాఠశాల. “ఉత్తర్వు ప్రకారము” అని వ్రాసి సంతకము చేసిన చేయి తనది కాదనుకొనుట మాకు అలవాటే. అయితే ఉత్తర్వు ప్రకారము కొట్టిన గుంటనికి ఆ రక్షణ నేల యీయరాదో మాకు తోచలేదు. వయస్సు, బట్టలు, బావగారి బంధుత్వము, ఇవి మూడును కలిసి వానిపట్ల మా మాటను ఆజ్ఞగా చేసినవి. కాదనగలిగిన వానితో చెప్పునది సలహా. వాడు కాదనగలవాడా?

మరుసటిరోజు సాయంకాలమున మేస్త్రీకడకు పోయి జరిగినది చెప్పి, ఖర్చు మేమే యిచ్చితిమి. ఆయన విని, “వాడు చెప్పలేదే,” అని మాత్రమనెను. ఒకరోజు ఆలస్యమైనది గదా యని పాఠకు లడుగవచ్చును. అవును, ఆలస్యమైనది.

ఇంతవరకు చదివినవారు మేము ఓర్పును ప్రశంసించుటకు పూనుకొన్నామని తలంతురు. అది సగమే. మిగిలిన సగమునకు కార్యాలయమునకు పోవలెను.

1994లో మేము పనిచేయుచున్న యొక కార్యాలయమున ఒక బంట్రోతు మరణించెను. అతని భార్యకు కుటుంబ పింఛను రావలెను. సర్వీసు పుస్తకములోని పేరును, ఆమె తెచ్చిన కాగితములలోని పేరును ఒక అక్షరము తేడాగా నుండెను. మన ప్రాంతములలో ఇది వింత కాదు. తెలుగుపేరు ఒరియాలో వ్రాయబడి, ఆంగ్లములోనికి మారి, మరల తెలుగువాడు చదువునప్పటికి తండ్రి గూడ గుర్తింపలేని రూపము దాల్చును. (బరంపురము 1936 ఏప్రిలు 1 వరకు మద్రాసు రాజధానిలో నుండి ఆ దినమున ఒరిస్సా రాష్ట్రములో చేరినది. తాతలనాటి కాగిత మొక లిపిలో, మనుమలది మరియొక లిపిలో నుండుట ఇంటింటి కథ.) ఆ తేడాను సరిచేయుటకు మేమొక నోటు వ్రాసి, పై అధికారికడకు స్వయముగా పోయి రెండుమాటలు చెప్పియుండిన పని ముగిసెడిది. ఆ అధికారి కోపిష్ఠి. సమయము చూచి చెప్పుదమని ఫైలును మా బల్లపై నుంచితిమి. తొందరపడిన పని చెడునని తోడివారితో అంటిమి. ఆమె ప్రతి సోమవారము వచ్చి వరండాలోని బల్లపై కూర్చుండెడిది. “కొంచెము ఓర్చుకో తల్లీ,” అని మేము చెప్పెడివారము. ఇట్లు పదునాలుగు నెలలు గడచినవి. ఆ నడుమ ఆమె ఇంటిలోని ఇత్తడి బిందెలు, కంచుగిన్నెలు ఒక్కొక్కటిగ అమ్ముకొన్నదని తరువాత తెలిసినది. చివరకు ఆ అధికారి బదిలీ కాగా, క్రొత్తవారు అయిదు నిమిషములలో సంతకము చేసిరి. ఆమె వచ్చి మాకు నమస్కరించినది. మా దయవలన పని జరిగినదని ఆమె నమ్మకము. ఆ నమస్కారము మాకు ఇప్పటికిని ఋణముగనే మిగిలియున్నది.

పాకలో మాకు ఓర్పు లేకపోయెను. కార్యాలయమున అది మితిమీరెను. రెండుచోట్లను తప్పు చేసినవారము మేమే. ఈ రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూడగా, మేస్త్రీ ఓర్పునకును మా ఓర్పునకును రెండు భేదములు కానవచ్చినవి. మేస్త్రీ నిరీక్షించునప్పుడు అతుకులో నూనె పనిచేయుచుండెను. ఆయన చేతులు ఊరకున్నను పని ఊరకుండలేదు. మా ఫైలులో ఏ నూనెయు పోయబడలేదు. అది మా బల్లపై మరింత తుప్పుపట్టినది. రెండవ భేదము ఇంకను ముఖ్యము. ఒక దినము ఆగుటకు బోల్టు ఏమియు చెల్లింపదు. ఆమె ప్రతిదినము చెల్లించినది. ఆగుటకు అయ్యెడి ఖర్చు తానే భరించువాడు దానిని ఓర్పనవచ్చును. ఎదుటివారు భరించుచుండగా మనము ఆగుటకు ఆ పేరు పెట్టుట ధర్మము కాదేమో.

ఈ కొలత అన్నిచోట్ల సరిపోవునా? సరిపోదు. మేస్త్రీ మరునాటివరకు ఆగుమన్నప్పుడు గూడ ఖర్చు ఆయనది కాదు. పెండ్లికూతురు కోరిక, బావగారి మాట అచట పణములుగా నున్నవి. ఆ పిల్లకు అది చిన్న కోరిక గాదు. అయినను బండి రాకున్నను వివాహ మాగదు. బిందె అమ్మినచో ఆ పూట వంట మారును. ఏది ఎంత బరువో తూచువాడు గూడ మనిషియే గనుక, తన తొందర తనకు ఎప్పుడును బరువుగానే కనబడును. ఇంతకుమించి మాకు తోచలేదు. విద్వాంసులెవరైన సవరించిన సంతోషింతుము.

మరియొక మాట. బిగిసినదానిని మనము “మొండిది” అందుము. బోల్టుతో గంటసేపు పోరాడినవాడు దానిని తిట్టకమానడు, మేమును తిట్టితిమి. దానికి మొండితన మెక్కడిది? ఇరువదియేండ్లు ఒకచోట కలిసియున్న రెండు లోహములు ఒకదానిలోని కొంత భాగమును కరిగించుకొని ఒకటైనవి. అది వైరము కాదు, సహవాసము. పరభాషా ప్రాంతములలో తరతరములుగా నున్న మనవంటివారికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు గాని, ఉపమానమును అంతకుమించి లాగినచో అదియు విఱుగును. దానికి మొండితన మంటగట్టినపిమ్మట దానిని కొట్టుట మనకు న్యాయముగా తోచును. సుత్తి ఎత్తకముందే నిందను ఎత్తుదుము.

తరువాత జరిగినది. మేస్త్రీ బ్రాకెట్టునకు ఆల్టర్నేటరునకు నడుమనున్న సన్నని సందులో రంపపు బ్లేడు దూర్చి, ఒక పూటంతయు కూర్చుండి బోల్టును కోసెను. ఇదియు బలప్రయోగమే. కాని విఱుగవలసినది ఏదో ముందే నిర్ణయించుకొని, అది మాత్రమే విఱుగునట్లు చేసిన బలము. పగిలిన బ్రాకెట్టును ఊడదీసి, అతుకువేయు నొకనికడకు తీసికొనిపోయిరి. అతడు దానిని బొగ్గులలో ఎఱ్ఱబడువరకు కాచి, ఇత్తడి కడ్డీతో అతికి, వేడిగనే బూడిదలో పాతిపెట్టి రాత్రియంతయు విడిచెను. పోత ఇనుమును అతికినవెంటనే గాలికి చల్లార్చినచో అతుకు ప్రక్కననే మరల పగులునట. పెండ్లికొడుకు అద్దెబండిలో వచ్చెను. మా ఆలస్యముచేతనే గాక మా తొందరచేత గూడ బండి రాలేదని అక్కగారు నేటికిని అనుచుందురు. బావగారి కుమారుడు, ఇన్ని భాగములు మార్చినపిమ్మట ఇది ఆ బండియేనా యని ఎగతాళి చేసెను. నాగసేనుడు మిళిందరాజును రథమును గూర్చి అడిగిన ప్రశ్నలు మేము అతనికి చెప్పబోతిమి గాని అతడు ఫోనులో నుండెను.

క్రొత్త బోల్టు పెట్టునప్పుడు మేస్త్రీ దానికి తలనుండి కొసవరకు మందముగా గ్రీజు పూసెను. 1997లో ఆ పని చేసినవాడెవడో పొడిబోల్టును దూర్చి బిగించి పోయెను. ఆనాడు అది తప్పుగా ఎవరికిని కనబడలేదు; బండి చక్కగ నడచినది. ఆ వేలెడు గ్రీజు ఖర్చు ఇరువదియొక్క సంవత్సరముల తరువాత ఒక గుంటని చెంపపై వసూలైనది. మేము వ్రాసిన నోటులు, వేసిన సంతకములు ఎన్ని పొడిగా బిగించి వచ్చితిమో, వానిని విప్పువారు ఇప్పుడు ఎవరో.

ఆ గుంటడు ఇప్పుడు యువకుడై వేరుగా ఒక చిన్న పాక వేసికొనినాడు. బావగారి బండి వానికడకే పోవుచున్నది. మేము పోయినప్పుడు బల్ల తుడిచి కూర్చుండుమనును, టీ తెప్పించును. ఆనాటి సంగతి వా డెన్నడును ఎత్తలేదు. మేము మేస్త్రీకి చెప్పితిమి, ఖర్చు ఇచ్చితిమి గాని, వానితో ఇంతవరకు ఒక్కమాటయు అనలేదు.